చుక్క కోసం పట్టిన మునుం

శివరాత్రి దగ్గర పడిందంటే నా చిన్నప్పుడు మా ఊళ్లో వేరే మాట వినపడేది కాదు. మాది శావల్యాపురం దగ్గర మెట్ట ఊరు. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరి ప్రభ కదలాలి, అది పక్క ఊరి ప్రభ కంటే జానెడైనా ఎత్తుండాలి. తాటిచెట్టంత ఎత్తున వెదురు బొంగులు కట్టి, రంగు కాగితాలు అంటించి, బండి మీద నిలబెట్టి కొండకు నడిపించడమంటే మాటలు కాదు. మా నాన్న ఆ పనికి పెద్ద. ఏ బొంగు ఎక్కడ కట్టాలో, ఏ రంగు ఏ గడిలో పడాలో ఆయనే చెప్పేవాడు. ఇక నా పనల్లా జిగురు మొయ్యడం. మా అమ్మ మైదాపిండి ఉడికించి, ఎలుకలు ముట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి ఇస్తే, ఆ గిన్నె పట్టుకుని ప్రభ దగ్గరికి చేర్చాలి. అదేదో కలెక్టరు ఉద్యోగమైనట్టు నేను మహా దర్జాగా నడిచేదాన్ని.

ఒకరోజు సందెవేళ అలాగే గిన్నె తీసుకుని వెళ్తున్నాను. మా వీధి చివర ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోటుకు వచ్చేసరికి, ఎదురుగా ఉన్న మట్టిగోడ మీద నా నీడ కనిపించింది. సూర్యుడు అప్పటికే దిగిపోయాడు. మరి నీడ ఎక్కడిదా అని తలెత్తాను. కొండ వైపు నుంచి తెల్లగా, కాస్త ఆకుపచ్చగా మండుతూ ఒక ముద్ద ఆకాశం మీద జారుకుంటూ వస్తోంది. నా నెత్తి మీదుగా పడమటికి పోయి, చివర్లో ఎర్రటి ముక్కలై విడిపోయి, మా మేనత్త కంది చేను వెనక్కి దిగిపోయింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. గిన్నె ఎప్పుడు చేతిలోంచి జారిందో నాకు తెలియదు. కాళ్ల మీద పడ్డ జిగురును దులుపుకుంటుంటే, ఎక్కడో దూరాన రాళ్ల బండి తిరగేసినట్టు ఒక ఉరుము వినిపించింది.

పరుగెత్తుకుంటూ ప్రభ దగ్గరికి పోయి చెప్పాను. అక్కడ డప్పులు మోగుతున్నాయి, పెట్రోమాక్స్ లైట్లు వెలుగుతున్నాయి, ఊరు ఊరంతా ప్రభ మీదే కళ్లు పెట్టుకుని ఉంది. ఆకాశం వంక చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు చూసింది ఖాళీ చేతులతో, కాళ్ల నిండా జిగురుతో వచ్చిన నన్ను. "జిగురు పారబోసి నెపం చుక్క మీద పెట్టిందిరా!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఇంట్లో మైదాపిండి నిండుకుంది, ఆ పూటకు పని ఆగిపోయింది. మర్నాటికల్లా బడిలో నా పేరు చుక్కలమ్మ అయింది.

నవ్వితే నవ్వారు, అది కాదు నా బాధ. ఆ ఏడు ప్రభ వెనకాల వెళ్లే మా బండిలో నన్ను ముందు కూర్చోబెడతానని నాన్న మాట ఇచ్చి ఉన్నాడు. దాని కోసం ఏడాదంతా ఎదురుచూశాను. నలుగురిలో తల కొట్టేసినట్టయిందేమో, ఆయన ఇంటికొచ్చి నన్ను పిలిచి, కొట్టకుండా, అరవకుండా ఒకే మాట అన్నాడు. "జిగురు పోతే పోయింది, నేనేం అనను. అబద్ధం చెప్పానని ఒప్పుకో. ఒప్పుకోకపోతే నువ్వు బండెక్కేది లేదు."

ఒక్క మాట అంటే చాలు, తిరునాళ్లు నావి. ఆ మాట నా నోట రాలేదు. పిల్లకు మొండితనం ఎక్కువైందని అమ్మ అంది. నిజమే, నేను మొండిదాన్నే, ఈ వయసులోనూ ఇంట్లోవాళ్లు ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉంటారు. కానీ నా కళ్లతో చూసినదాన్ని చూడలేదని ఎలా చెప్పను? దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చాను గానీ ఒప్పుకోలేదు.

మా మేనత్త నాన్నకు అక్క. ఇల్లు పక్క వీధిలోనే. మామయ్య పోయాక సేద్యమంతా తనే చూసుకునేది. కలుపు తీసేటప్పుడు కూలీలు గట్టు వెంట వరసగా నిలబడి, తలా ఇన్ని సాళ్లు పట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతారు కదా, ఆ పట్టీని మా వైపు మునుం అంటారు. చేను ఎవరిదైనా మొదటి మునుం మా మేనత్తదే. ఆమె ముందు నడిస్తే వెనకవాళ్లకు బద్ధకించే వీలుండదు.

ఆమె వచ్చి నన్ను ఓదార్చలేదు. నమ్ముతున్నాననీ అనలేదు. "ఏడ నిలబడ్డావే అప్పుడు?" అని అడిగింది. తీసుకెళ్లి చూపించాను. జిగురు మరక అక్కడే ఎండి అట్టకట్టి ఉంది. "ఆ మరక మీద నిలబడి చెయ్యి చాపు" అంది. చాపాను. నా భుజం పక్కన వంగి, ఒక కన్ను మూసి, నా వేలు వెంట చూసింది. "మన కంది చేనే. కంది కోత అయిపోయింది గదా, ఎతుకుదాం పద" అంది, అదేదో మేక తప్పిపోయినంత మామూలుగా.

చేలోకి దిగగానే నేను అటూ ఇటూ పరుగెత్తబోయాను. జడ పట్టుకుని ఆపింది. గట్టు మూల నిలబెట్టి, నా రెండు చేతులూ చాపించి, ఆ వెడల్పు నాదనీ, దాని పక్క వెడల్పు తనదనీ చెప్పింది. ఆ పట్టీ దాటి కాలు బయట పెట్టకూడదు. ఆ చివరకు పోగానే గట్టు మీద ఒక తంగేడు కొమ్మ గుచ్చాలి, పక్క పట్టీలో వెనక్కి తిరగాలి. మళ్లీ ఇక్కడొక కొమ్మ. నాకు చిరాకేసింది. నల్లరేగడి నేల మీద నల్లరాయి కోసం ఇలా నడుచుకుంటూ పోతే ఎప్పటికి తెమిలేను?

"రాయి కోసం చూడమాక. నేల చూడు. నేలంతా చూశాక, ఉన్న రాయి ఏడికి పోయిద్దే?" అంది అత్త.

అలా మొదలైంది మా వెతుకులాట. పొద్దున్నే బడికి ముందు కాసేపు, బడి అయ్యాక కాసేపు. కంది మోళ్లు కాళ్లకు గుచ్చుకునేవి. నేల నెర్రెలు విచ్చి ఉండేది, రాయి వాటిలో పడి ఉండొచ్చని కర్ర పెట్టి పొడిచి చూసేవాళ్లం. మిరపకాయ కోతలకు పోయే ఆడవాళ్లు గట్టు మీద ఆగి, "ఏందక్కా, చుక్క మొలకెత్తిందా?" అని అడిగేవాళ్లు. "కాపుకొచ్చాక నీకే ముందు పెడతాలే, పో" అనేది అత్త, నేల మీంచి తల ఎత్తకుండానే.

ఒక సాయంత్రం నాకు దొరికింది. గుప్పెడంత నల్లరాయి, చిన్న చిన్న గుంటలు పడి, కాలినట్టుగా, ఆ సైజుకు మించిన బరువుతో ఉంది. మునుం లేదు, కొమ్మ లేదు, అత్త పిలుస్తున్నా వినకుండా ఊళ్లోకి ఒకటే పరుగు. ప్రభ దగ్గర నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి పక్కనున్నవాళ్లకిచ్చాడు. వాళ్లలో ఒక ముసలాయన పకపకా నవ్వి, అది కొలిమిలో ఇనుము కాల్చినప్పుడు మిగిలే చిట్టెమన్నాడు. కొలిమి బూడిదతో పాటు పెంటకుప్పలో పడి, ఎరువు బండిలో చేలోకి వచ్చిందన్నమాట. నా చుక్క మా ఊరి పెంటకుప్పలోంచి పుట్టింది. ఇక ఆ నవ్వులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

నేను తిరిగి వచ్చేసరికి అత్త చేలోనే గట్టు మీద కూర్చుని ఉంది. చిట్టెమని తనకు తెలుసునట, నేను ఆగుంటే చెప్పేదట. ఒప్పుకుని బండెక్కుతానని వెక్కుతూ చెప్పాను. సరేననో వద్దనో అంటుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే. "నువ్వు రాయి తీసుకుని పరిగెత్తింది ఏ చోటి నుంచే? మునుం ఏడ ఆపావో చెప్పు."

చూశాను. నేలంతా ఒకటే నలుపు, అంతా ఒకటే మోళ్లు. చెప్పలేకపోయాను.

"అయితే ఈ మునుం మొదటి నుంచి నడవాల. ఇదైనాక ఒప్పుకుంటావో మానతావో నీ ఇష్టం" అని లేచింది. ముక్కు చీదుకుంటూ ఆ మునుం మళ్లీ మొదటి నుంచి నడిచాను. చివర కొమ్మ గుచ్చాక చూస్తే ఏడుపు ఆగిపోయి ఉంది. ఒప్పుకునే మాట మళ్లీ ఎత్తలేదు. ఎందుకో ఆరోజు నాకు తెలియదు. చేను సగంలో ఉండగా ఆపడం కుదరదనిపించింది, అంతే.

శివరాత్రి ముందు రోజు చీకటి పడబోతుండగా ఆఖరి మునుం అయిపోయింది. రాయి లేదు. నేను గట్టు మీద కూలబడ్డాను. తెల్లారితే బండి కదులుతుంది, నేను ఇంట్లో ఉంటాను. బండి ఎప్పుడు కట్టేదీ అత్తకు చెప్పడానికి అప్పుడే నాన్న వచ్చాడు. గట్టు పొడవునా మేము గుచ్చిన తంగేడు కొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, మొదటివి ఎండిపోయి, చివరివి పచ్చగా. ఆయన ఆ వరసనంతా చూశాడు.

"ఈ చేలో లేదురా" అంది అత్త. "తిరునాళ్ల నుంచి వచ్చాక పక్క చేనోళ్లను అడిగి అది చూస్తాం."

"అంటే చుక్క పళ్లేదనేగా అక్కా?"

"ఈ చేలో పళ్లేదని. చూసిన పిల్ల చూశానంటంది. చూడని నువ్వు కాదనేదేందిరా?"

నాన్న గట్టు వెంట కొంత దూరం నడిచాడు. ఒక కొమ్మ ఒరిగి పడి ఉంటే వంగి, దాన్ని మళ్లీ నిలబెట్టి, చుట్టూ మట్టి అదిమాడు. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏ వైపు పోయిందే?" అని అడిగాడు.

లేచి నిలబడి చెయ్యి చాపాను. ఆయన నా వేలు వెంట పడమటి ఆకాశం వంక చాలాసేపు చూశాడు. "పొద్దున్నే బండి కట్టేది. పోయి పెందలాడే పడుకో" అన్నాడు. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

తిరునాళ్ల తరవాత పక్క చేను చూశాం, దాని పక్కదీ చూశాం. ఆ రాయి ఇప్పటికీ దొరకలేదు. దొరకదు కూడా. సైన్సు టీచరునయ్యాక ఒకనాడు చదివి తెలుసుకున్నాను. ఆకాశంలో అలా మండే రాయి పక్క చేలోనే దిగినట్టు కనిపిస్తుందట గానీ, అది ఆరిపోయేది చాలా పైన, రాలేది ఎక్కడో ఊళ్లవతల. వినుకొండ కొండలు దాటి ఏ అడవిలోనో పడి ఉంటుంది. మా మేనత్త కంది చేలో అది ఉండే అవకాశమే లేదు. చదివి పగలబడి నవ్వాను, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఈ చేలో లేదన్న అత్త మాట అక్షరాలా నిజమని చెబుదామంటే ఆమె అప్పటికే లేదు.

ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. రిటైరయ్యాక ఫోనులో ఉల్కల పిచ్చివాళ్ల గ్రూపు ఒకటి దొరికింది. ఏ దేశంలో కొత్త రాయి దొరికినా ఆ పూటే మాకు ఫొటో వచ్చేస్తుంది. దాని పైపెంకు నలుపు గురించీ, లోపలి బూడిద రంగు గురించీ అన్నం వేళ దాటిపోయినా మాట్లాడుకుంటాం. మా వైపు ఎక్కడైనా వెలుగు కనిపించిందంటే చూసినవాళ్లందరినీ ఎక్కడ నిలబడ్డారు, ఏ వైపు చూశారు అని అడిగి, ఆ గీతలు కలిసే చోటికి బయల్దేరతాం. నా చేతికర్ర చివర అయస్కాంతం కట్టి ఉంటుంది. మోకాళ్లు వద్దంటాయి, నేను వినను. చిట్టెం ముక్క ఫొటో పెట్టి ఉల్క దొరికిందని సంబరపడేవాళ్లు గ్రూపులో ఎప్పుడూ ఉంటారు. వాళ్లను చూసి నవ్వినవాళ్లతో నేను పోట్లాటకు దిగుతాను.

ఈమధ్య ఒక వెలుగు జాడ వెతుకుతూ గురజాల వైపు వెళ్లాం. బీడు పడ్డ చేను, నాపరాతి నేల తెల్లగా పరుచుకుని ఉంది, నల్లరాయి ఉంటే దాగే చోటు కాదు. మాచర్ల నుంచి వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె ఆ వెలుగును మొదట చూసి చెప్పింది. వరసలో నడిచాం. నడుస్తుండగానే ఒకరిద్దరు అది తారాజువ్వ అయ్యుంటుందని గొణగడం మొదలుపెట్టారు. ఎండ ముదిరేసరికి నేలంతా అయిపోయింది, రాయి లేదు. అందరూ నీళ్ల సీసాలు తీసుకుని బండ్ల వైపు మళ్లారు. ఆ పిల్ల ఒక బండరాయి మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుల దుమ్ము దులుపుకుంటోంది. ఆ దులపడం నాకు బాగా తెలుసు.

తంగేడు కొమ్మ ఒకటి విరుచుకొచ్చి, మా వరస ఆగిన చోట గుచ్చాను. రాతి నేల, ఒక పట్టాన దిగలేదు. చుట్టూ చిన్న రాళ్లు పేర్చి నిలబెట్టాను.

"ఈ చేలో లేదమ్మా" అన్నాను. "ఏ వైపు పోయిందే?"

ఆ పిల్ల నా వంక చూసింది. లేచి నిలబడి, చెయ్యి చాపింది.