మిద్దె మీద పోసిన సౌడు

ఆ రోజుల్లో ఇల్లు అమ్మేవాడికి సలహా చెప్పడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఎవడి తప్పులు వాడు సొంతంగా చేసుకోవాల్సిందే. ఇప్పుడు అట్లా కాదు. మొన్న నాగర్‌కర్నూల్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, మొదటిసారి ఇల్లు అమ్ముతున్న. ఏమేం తప్పులు చెయ్యొద్దో జర చెప్పు" అన్నాడు. నేను జన్మకంతా అమ్మింది ఒక్కటే ఇల్లు. అయినా వాడు సరైన మనిషినే అడిగాడు. ధర సంగతి, కాగితాల సంగతి ఎవరైనా చెప్తారు. నేను మాత్రం, "అమ్మే ఇంటిని బాగు చేయించకురా. చేయించినా, ఆ తర్వాత అందులో ఒక్కరోజు కూడా ఉండకు" అన్నాను. వాడు నవ్వాడు. వాడికి గద్వాల ఇంటి కథ తెలియదు.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. అప్పుడు నాకు గద్వాలలో గుమాస్తా ఉద్యోగం, చిన్న కాపురం, ఒక మట్టిమిద్దె ఇల్లు ఉండేవి. మట్టిమిద్దె అంటే ఏటా వానలకు ముందు పైన సౌడు మన్ను పోసి చదును చేయాలి, లేకపోతే కురుస్తుంది. మాది కురిసేది. చినుకు పడితే చాలు, మా ఇంటావిడ వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ నట్టింట్లో పరిచేది. గవాచి (వెలుతురు కోసం మిద్దెలో విడిచి, పైన అద్దం పరిచే కంత) కింద ఇత్తడి బేసిన్‌కు పర్మనెంటు పోస్టు. "ఈ ఏడన్నా సౌడు పోయించు" అని ఆమె ప్రతి ఎండాకాలం అనేది. "సూద్దాం" అని నేను ప్రతి ఎండాకాలం అనేవాణ్ణి. వెనక తలుపు కూడా అంతే. కాలితో తంతే తప్ప తెరుచుకునేది కాదు.

ఇంతలో వనపర్తికి బదిలీ అయింది. అక్కడ ఒక ఇల్లు చూసి, ఉన్నదంతా ఊడ్చి బయానా ఇచ్చాం. ఆ ఇంటాయన మొహమాటం లేని మనిషి. "మిరుగు లోపల పైకం ముట్టకుంటే ఇల్లు వేరేటోళ్లకిస్త. బయానా ఊసు ఎత్తొద్దు" అన్నాడు. మిరుగు అంటే తొలకరి, ఎన్నో రోజులు లేదు. మా ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. ఎదురింటి పెద్దమ్మ గడపలో కూర్చుని వాళ్ళ మొహాలు చదివి, "గోడలకు సున్నం లేదు, మిద్దె మీద సౌడు లేదు, ఎవడు కొంటడు నాయనా?" అని తేల్చేసింది.

దాంతో నాకు రోషం వచ్చింది. బండ్లతో సౌడు తోలించి మిద్దె నిండా పోయించాను. గోడలకు సున్నం కొట్టించాను. వడ్లాయన వచ్చి ఆ వెనక తలుపు అంచుకు నాలుగుసార్లు చిత్రిక పట్టేసి పోయాడు. (ఇన్నేళ్ళ తన్నులకు మందు ఇంత చిన్నది!) గవాచికి పట్టిన బూజు దులిపితే నట్టింట్లో ఎండ నిలబడింది. మా ఆవిడ చేతులు కట్టుకుని చూసి, "కొనేటోళ్ల కోసమైతే అన్నీ అయితయి" అంది. నేను విననట్టు నటించాను.

ఆ వారమే వీపనగండ్ల నుంచి ఒక జంట వచ్చారు. ఆమె టీచరు, గద్వాలలో పోస్టింగు. ఆయనకు ఊళ్ళో ఎరువుల దుకాణం. టీచరమ్మ సరాసరి పోయి గవాచి వెలుతురులో నిలబడి, "అక్కా, నేను ఈడనే కూసోని పేపర్లు దిద్దుకుంట" అంది. మా బేసిన్ చోటు అది! ఆయన ఒక్క వేలితో వెనక తలుపు తీసి, "ఎంత అలకగ వస్తుందో సూడు" అని మురిసిపోయాడు. ఆ తలుపును తన్నీ తన్నీ బొటనవేలు వాచింది నాది, వేలితో తీసేది ఇతనా? పైగా గట్టిగా బేరం కూడా ఆడలేదు. శుక్రవారం వచ్చి అగ్రిమెంటు రాసుకుంటామని చెప్పి సంతోషంగా పోయారు. మనిషి సంతోషంగా ఉంటే ఇంత ఒళ్ళు మండుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆవిడ మంట నాకంటే పెద్దది. "గిన్నెలు మోసిన దాన్ని నేను. నీడపట్టున కూసోని పేపర్లు దిద్దేదేమో ఆమె!" అని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. కొనే మనిషి మీద అంత కుళ్ళు పెట్టుకుంటే ఇల్లు ఎవరికి అమ్మాలి? అది మేమిద్దరం ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున, మిరుగు ఇంకా రాకముందే, ఒక వాన కొట్టింది. అలవాటు కొద్దీ ఆమె గిన్నెలు పరిచింది. ఇద్దరం గోడకు ఆనుకుని ఎదురుచూశాం. బయట ధారలు కడుతోంది, లోపల చప్పుడు లేదు. వాన వెలిసింది. ఆమె ఒక్కో గిన్నెలోనూ వేలు పెట్టి చూసి, "ఒక్క సుక్క పడలే" అంది. సంతోషంతో అనలేదు. నాకు ఏమయిందో ఏమో, పార, గంప తీసుకుని నిచ్చెన ఎక్కాను. ఇల్లు అమ్ముతానన్నాను గానీ సౌడు అమ్ముతానన్నానా? అది నా సౌడు!

రెండు గంపలు తోడానో లేదో, కింద నుంచి పెద్దమ్మ, "ఏంది సారూ, పోసిన సౌడును మల్ల తోడుతున్నవ్?" అని కేక పెట్టింది. జవాబు చెప్పేలోపు సందు మలుపులో ఆ జంట కనబడింది. ఆమె చేతిలో మిఠాయి డబ్బా, అతని చేతిలో స్టాంపు కాగితాలు. వాళ్ళు వెనక్కి తిరిగితే వనపర్తి ఇల్లూ పోయింది, బయానా పోయింది, సంసారం రోడ్డు మీదికి వచ్చింది.

అతను మెడ ఎత్తి నా వైపు చూశాడు. "అన్నా, వాన పడంగనే మా కోసం సౌడు సదును చేస్తున్నవా?" అన్నాడు. "అమ్మే ఇంటికి గింత కష్టపడేటోళ్లు యాడుంటరన్నా!" అంటూ చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, నిచ్చెనెక్కి వచ్చేశాడు. పెద్దమ్మ అసలు సంగతి చెప్పబోయి నోరు తెరిచింది. నేను మిద్దె అంచున నిలబడి ఆమెకు రెండు చేతులూ జోడించాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఇక ఇద్దరం కలిసి, నేను తోడిన సౌడు మళ్ళీ పోసి, పాదాలతో తొక్కి, ఇంతకుముందు కంటే గట్టిగా చదును చేశాం. "తమ్మీ, ఆ మూలకు ఇంకింత ఒత్తు" అని నేనే చెప్పాను. ఆ మూల మా మంచం మీద కురిసే మూల.

మిరుగు లోపలే అన్నీ అయిపోయాయి. వానల మధ్య ఏదో పని మీద గద్వాల పోతే వాళ్ళు బలవంతాన ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చారు. బయట ముసురు. టీచరమ్మ గవాచి కింద పేపర్లు దిద్దుతోంది. నేను టీ తాగినంతసేపూ మిద్దె వైపే చూశాను, ఒక్క చుక్కన్నా పడుతుందేమోనని. పడలేదు.

ఇప్పుడు వనపర్తి ఇంట్లో స్లాబు ఒక మూల కారుతోంది. ఈ మధ్యది కాదు, చాలా ఏళ్ళ నుంచి. మొన్న మేనల్లుడి ఫోన్ పెట్టేసరికి వాన మొదలైంది. మా ఆవిడ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ పోయి, ఆ మూలన బకెట్టు పెట్టి వచ్చింది.

"ఏమయ్యా, ఈ ఇల్లు గూడ అమ్మకానికి పెడ్దమా? అప్పుడన్నా బాగైతది" అంది.

"సూద్దాం" అన్నాను.