మోగిన గాలం తీగ

నా చిన్నప్పుడు ఆకివీడు లైబ్రరీలో లోహాల గురించి ఒక పుస్తకం దొరికింది. అది చదివాక ఊళ్లో ఏ ఇనప ముక్కనూ వదల్లేదు. పాడైన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం గౌను జేబులో వేసుకుని తిరిగేదాన్ని. తాళాలు, గొళ్లేలు, ఆఖరికి పంతులమ్మగారి గాజులు కూడా పరీక్షించాను.

మా ఇల్లు కొల్లేరు ఒడ్డున. వసారా చూరుకు మా తాతయ్య వాడిన పాత గాలం ఒకటి వేలాడేది. నిజమైన ఎరకు బదులు దానికి చేపపిల్లలా మెరిసే రేకు, రేకుకు పైన మూరెడు సన్నటి తీగ ఉండేవి. వాలుగ చేప పళ్లకు దారమైతే పుటుక్కున తెగిపోతుంది, అందుకని తీగ కట్టేవారట. తాతయ్య పోయి అప్పటికే చాలా కాలమైంది.

ఆ తీగకు అయస్కాంతం అంటుకోలేదు. అంటే ఇనుమూ కాదు, ఉక్కూ కాదు. చింతపండుతో రుద్దితే నల్లటి మకిలి పోయి పసుపురంగు తేలింది. ఇత్తడి అని తేల్చేశాను. పుస్తకంలో ఇంకో పరీక్ష ఉంది. చిన్న ముక్క కత్తిరించి, అటూ ఇటూ వంచి, ఎప్పుడు విరుగుతుందో చూడాలి. కత్తెర ఇమ్మని నాయనమ్మను అడిగాను.

ఆమె కత్తెర ఇవ్వలేదు. గాలం నా చేతిలోంచి తీసుకుని, కొక్కేన్ని కిటికీ ఊచకు తగిలించి, తీగ రెండో కొసను అట్లకాడకు చుట్టి బిగలాగింది.

"చెవి ఇటు పెట్టమ్మా," అని వేలితో మీటింది.

మోగింది. ఏళ్ల తరబడి నీచువాసన పట్టిన ఆ తీగ తీయగా మోగింది. అంతలో నాయనమ్మ ఆ శ్రుతికే గొంతు కలిపి ఒక కీర్తన చరణం పాడింది. ఆమె పాడగా నేనెన్నడూ వినలేదు. ఆదివారం చర్చిలో కూడా పెదవి కదిపేది కాదు. పొయ్యి దగ్గరున్న మా అమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

అది నాయనమ్మ ఒకప్పుడు చర్చిలో కీర్తనలకు మీటిన తంబురా తీగట. ఒక ఏడు వరదకు వలలన్నీ కొట్టుకుపోయి, ఇంట్లో గింజ లేకపోతే, తంబురా తీగలు తానే విప్పి, ఆకివీడులో కొన్నానని చెప్పి తాతయ్యకు ఇచ్చిందట. ఉక్కువి తుప్పుపట్టి పోయాయి. ఈ ఇత్తడిదొక్కటే మిగిలింది.

తాతయ్యకు తెలియలేదా అని అడిగాను.

"ఆదివారం చర్చికి తంబురా లేకుండా వెళ్లానుగా, తెలిసిపోయింది. తర్వాత కొత్త తీగలు తెచ్చారు. కానీ నేను మీటితే మీ తాతగారు లేచి బయటికి వెళ్లిపోయేవారమ్మా. వినలేకపోయేవారు. అందుకని మానేశాను."

కత్తెర మాట నేను మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఊళ్లోవాళ్లు చెరువుల్లో పూడిక తీసేటప్పుడు దొరికిన పాత గాలాలు తెచ్చి, ఇదేం లోహమండీ, చూసి పెట్టండి అంటారు. పుస్తకాలు చదివినదాన్ని కనుక కాస్త గర్వంగానే చెబుతాను. ముందు అయస్కాంతం, తర్వాత చింతపండు. లోహం తెలిశాక కూడా గాలం వెంటనే తిరిగివ్వను. కిటికీ ఊచకు తగిలించి, బిగలాగి, చెవి ఆనించి మీటుతాను. వాళ్లు నవ్వుకుంటారు.

ఇంతవరకూ ఏదీ అలా మోగలేదు.