రాజక్క మటన్‌లో ఏముంది?

మందమర్రిలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడితే మొదట అడిగేది "ఏం కూర?" అని. ఆ ప్రశ్నంటే రాజక్కకూ ఇష్టమే. అయితే గనికి పోయే తోవలోని తన మెస్సులో కూర్చుని "కూరలో ఏముంది?" అని అడిగితే మాత్రం, దాన్ని తన వంశగౌరవం మీద దాడిగా పరిగణించేది. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ మటన్ పులుసే. మసాలా కలిపేటప్పుడు వంటింటి తలుపు గడియ పడేది.

అంత చిక్కటి పులుసులో జీడిపప్పు తప్ప ఇంకేముంటుందని ఊరు నమ్మింది. నమ్మించినవాడు పోశం. గనిలో రిటైరయ్యాక నాలుకనే వృత్తిగా స్వీకరించిన మనిషి. ముద్ద నోట్లో పెట్టి, కళ్లు మూసి, "అసలు కాజు" అని తీర్పు చెప్పాడు. రాజక్క అవుననలేదు, కాదనలేదు.

ఒక ఆదివారం, కాలనీకి కొత్తగా వచ్చిన అల్తాఫ్ కూతురు యుమ్నాతో వచ్చాడు. పళ్లెం రాగానే అడిగాడు.

"అక్కా, జర చెప్పున్రి. ఇందుల పల్లీలు ఏసిన్రా?"

"నా వంట మీద అనుమానమా తమ్మీ?"

"అనుమానం కాదక్కా. పల్లీ తగిలితే బిడ్డకు మూతి వాస్తది, ఊపిరాడది. ఒకపారి దవాఖాన్ల పడ్డది."

రాజక్క నోరు తెరిచేలోపే పక్క బల్ల నుంచి పోశం అందుకున్నాడు. "ఫికర్ జెయ్యకు భాయ్. అది కాజు. నాది గ్యారంటీ. తినిపియ్యి."

అల్తాఫ్ తేలికపడ్డాడు. యుమ్నా ముద్ద కలిపింది. రాజక్క చూపు మూల బల్ల మీద పడింది. ఎదురు మెస్సు యజమాని సంపత్, పరిశోధన నిమిత్తం, అక్కడే భోంచేస్తున్నాడు.

"ఆగు బిడ్డా!" రాజక్క గంటెతో సహా ఉరికొచ్చి పళ్లెం గుంజుకుంది. "పల్లీలే. ఏంచి, నూరి, నువ్వులతోని కలిపి ఏస్తా. కాజు నా వంటింటి మొఖమే సూడలే!"

తినేవాళ్ల తలలన్నీ పోశం వైపు తిరిగాయి. సంపత్ పెదవులు పాఠం వల్లె వేసుకుంటున్నాయి. పోశం గొంతు సవరించుకున్నాడు.

"నాకెర్కే. నీ ఇజ్జత్ పోతదని చెప్పలే."

"నీ ఇజ్జత్ పోతదనే నేను గిన్నొద్దులు చెప్పలే, పోశన్నా."

కొత్త మూకుడు దించి, తలుపు బార్లా తెరిచిపెట్టి, పిల్లకు గుడ్డు పొరటు చేసింది.

ఇక గిరాకీ పోయినట్టేనని మరుసటి ఆదివారం మటన్ తక్కువ తెచ్చింది. అది మొదటి పంక్తికే చాలలేదు. సంపత్ ఏమో 'రాజక్క పద్ధతి మటన్' అని బోర్డు కట్టి, ఆమెకు ఉచిత ప్రచారం చేసిపెట్టాడు. ఇప్పుడామె వడ్డించే ముందే "పల్లీ పడనోళ్లు చెప్పున్రి!" అని కేకేస్తుంది.

పోశం ఒక్కడే ఇంకా శాంతించలేదు. "రాజక్కా, మరి మటనన్న మటనేనా?"

"ఇంకోటడుగు, నీ పళ్లెంల గదీ ఉండది."