నీళ్లడగని తోట

మా మావయ్యగారు ఉద్యోగమంతా గోదావరి కాలవల మీదే చేశారు. లస్కరు అంటారు, లాకుల దగ్గర తలుపులెత్తి, ఏ పొలాలకి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకునే పని. అత్తయ్యగారు పోయాక ఆయన్ని అమీర్‌పేటలో మా అద్దె ఫ్లాటుకి తీసుకొచ్చాం. జీవితమంతా నీళ్లతో గడిపిన మనిషి మా డాబా మీద ఎడారి తోట ఎందుకు వేశారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

అప్పట్లో మా వీధి వీధంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కిందికి దిగగానే ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెట్టేవారు. మావయ్యగారికీ ఇచ్చేవారు. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకొచ్చి, "జావా అంటే ఏంటమ్మా? మనం తాగే జావ కాదు కదా?" అని అడిగేవారు. నేను పంజాగుట్టలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. చెప్పబోయి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నాకే చేతకాక ఆగిపోయేదాన్ని.

వచ్చిన కొత్తలో ఆయన డాబా మీద కుండీల్లో వంగ, టమాటా, గులాబీ వేశారు. పొద్దున్నే బకెట్టుతో పైకెళ్లి, ఎండెక్కాకే దిగేవారు. వేసవి వచ్చేసరికి మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు మొదలయ్యాయి. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే వాచ్‌మన్ గేటు దగ్గర ఆపాడు.

"మేడం, పెద్దసారు పైకి ఇసుక మోస్తుండు. నేను మోస్తనంటే వద్దంటుండు. జర మీరన్న చెప్పుండ్రి."

పరుగున పైకెళ్లాను. కుండీలన్నీ ఖాళీ. కాయలున్న వంగ మొక్కలతో సహా అన్నీ పీకి ఓ మూల కుప్ప పోసి ఉన్నాయి. ఎవరూ వాడని పగిలిన సిమెంటు తొట్టి ఒకటి పిట్టగోడ పక్కన ఉండేది. మావయ్యగారు బనీనుతో దాని ముందు కూర్చుని అడుగున ఇటుక ముక్కలు పేరుస్తున్నారు. పక్కన కంకర, ఇసుక, కొంచెం ఎర్రమట్టి.

"ఏంటి మావయ్యగారూ ఇది?"

"ఎడారమ్మా. నీళ్లడగని మొక్కలు వేద్దామని."

మొక్కలు పీకేసినందుకు బాధ పడాలో, కొత్త పని పెట్టుకున్నందుకు సంతోషించాలో తెలీలేదు. ఇసుక చేటలోకి ఎత్తి అందించాను.

మా ఖాళీ కుండీలు తను తీసుకుని, మొక్కలు మా కింది ఫ్లాటు ఆంటీ ఇచ్చారు. ఆవిడ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, తెల్లచీరలోనే బాల్కనీలో కూర్చుని తన కుండీల్లోంచి ముక్కలు కోసిచ్చారు. బొమ్మజెముడు, కలబంద, రణపాల, పేరు ఆవిడకీ తెలియని గుండ్రటి ముళ్ల మొక్క ఒకటి. "కోసిన చోటు బాగా ఆరనిచ్చి ఇసుకలో గుచ్చండి. ఆ తర్వాత వాటిని మర్చిపోండి" అన్నారు.

ఆ మర్చిపోవడమే మావయ్యగారికి రాలేదు. తను తాగే గ్లాసులోంచే కాసిని నీళ్లు పట్టుకెళ్లి పోసేవారు. కలబంద మొదలు మెత్తబడి వాసన వేసింది. దాహానికి అలా అయిందనుకుని ఇంకో గ్లాసు పోశారు. ఆంటీ చూసి, "నీళ్లెక్కువై కుళ్లింది అన్నయ్యగారూ" అంటే, ఆయన నమ్మలేనట్టు నావైపు చూశారు. నాకు మాత్రం ఏం తెలుసు. మా ఇద్దరికీ వాడిన మొక్క ఒక్క మాటే చెబుతుంది, నీళ్లు కావాలని.

మావారికి ఈ తోట నచ్చలేదు. "ముళ్ల మొక్కలు ఇంట్లో ఉంటే గొడవలొస్తాయంటారు నాన్నా."

"ఇంట్లో ఎక్కడున్నాయిరా? డాబా మీదున్నాయి."

అసలు ఇవే ఎందుకని నేనడిగితే ఒకసారి "ఎండకి తట్టుకుంటాయి" అన్నారు. ఇంకోసారి "మీ అత్తయ్యకి ఇష్టం" అన్నారు. మావారినడిగితే, అమ్మ వీటిని పెరట్లోకి రానిచ్చేదే కాదన్నారు. ఈలోగా వాచ్‌మన్ ఇంకో సంగతి చెప్పాడు. మనుషులకే నీళ్లు లేకుంటే మొక్కలకు పోస్తరా అని అపార్ట్‌మెంటు సెక్రటరీ మావయ్యగారిని అన్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్యగారినడిగితే, "అబ్బే, నన్నెవరూ ఏమీ అనలేదమ్మా" అన్నారు. సెక్రటరీ ఇంటికే వెళ్లాను. ఆయన తెల్లబోయాడు. "ఒక్క బకెట్టు తగ్గించుకోమన్నానండీ, అంతే. ఆ వంకాయలు మాకూ ఇచ్చేవారు కదా, ఎందుకు పీకేశారు?" అని నన్నే అడిగాడు. పోట్లాడదామని వెళ్లినదాన్ని, నాకూ తెలీదని చెప్పి వచ్చేశాను.

తొలివాన ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. నెలల తరబడి దానికోసం చూసినవాళ్లం. వీధిలో కోర్సుల పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నవ్వుతూ పరిగెడుతున్నారు. మావయ్యగారు ఇంట్లో కనిపించలేదు. పైకెళితే, తొట్టి మీద నీలం పట్టా పరిచి, గాలికి లేచిపోకుండా రెండు చేతులా పట్టుకుని, నిలువునా తడుస్తూ నిలబడి ఉన్నారు.

"లోపలికి రండి మావయ్యగారూ, జ్వరమొస్తుంది."

"ఆ చివర పట్టుకోమ్మా, ఎగిరిపోతోంది."

పట్టుకున్నాను. ఆయన వాన వైపు చూస్తూ, "వానొస్తే మొక్కలకి అడ్డం నిలబడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఏం చేస్తున్నానో నాకే తెలీడం లేదు" అన్నారు. మొహమంతా వాననీళ్లు. నవ్వుతున్నారో, ఏడుస్తున్నారో పోల్చుకోలేకపోయాను.

అంత చేసినా సగం మొక్కలు కుళ్లిపోయాయి. మిగిలినవాటిలో బాగున్న ముక్కలు కోసి, హాల్లో న్యూస్‌పేపరు మీద ఆరబెట్టి మళ్లీ నాటారు. ఈసారి గ్లాసు పట్టుకెళ్లలేదు. చలికాలానికి తొట్టి నిండింది. పగుళ్లలోంచి కూడా రణపాల పిలకలు వేసింది.

బోరులో మళ్లీ నీళ్లొచ్చాక నేను బెండ గింజల ప్యాకెట్టు తెచ్చిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

"కాలవ మీద ఉన్నన్నాళ్లూ, ఎన్ని నీళ్లు వదిలినా ఎవరో ఒకరు చాలలేదనేవాళ్లమ్మా. పై ఊరికిస్తే కింది ఊరు తిట్టేది. కింది ఊరికిస్తే పై ఊరు తిట్టేది. ఇవొక్కటే నన్నేమీ అడగలేదు."

ఇన్నాళ్లకి అసలు కారణం దొరికిందనుకున్నాను. కానీ ఇది నిజంగా అసలు కారణమో, ఆయన చెప్పిన ఇంకో కారణమో ఆ మొహం చూసి తేల్చుకోలేకపోయాను. అలా చూస్తూ ఉండగానే ఆయన గింజల ప్యాకెట్టు మూల చింపి, "వంటింట్లో ఖాళీ నూనె డబ్బా ఏమైనా ఉందేమో చూడమ్మా" అన్నారు.