మస్తానమ్మ బిగించనివ్వని దారం

మొన్న మా కోడలు అనుమసముద్రంపేట దర్గా నుంచి మనవడికి తాయెత్తు కట్టించుకొచ్చింది. కొత్త నల్లదారానికి ఇంకా ఊదు వాసన పట్టి ఉంది. ఆ వాసన తగలగానే నా చూపుడువేలు, నేను చెప్పకుండానే, వాడి దండచేతి మీది దారం కిందికి దూరింది. “ఏం చూస్తుండారత్తా?” అంది కోడలు. ఈ అలవాటు నాది కాదు, ఉదయగిరిలో మా గోడ పక్కన ఉన్న మస్తానమ్మది.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు నాటికి నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. అమ్మా నాయనా సర్కారు పెట్టిన కరువు పనికి, రోడ్డు వెయ్యడానికి పోయారు. ఇంట్లో అవ్వ, నేను, మూడేళ్ల తమ్ముడు వెంగయ్య. గోడ అవతల మస్తానమ్మ ఒక్కతే ఉండేది. ఎందుకు ఒక్కతే ఉందో పెద్దవాళ్లు మాకు చెప్పలేదు. అందరినీ అన్నీ అడిగి విసిగించే నాకు ఆవిడ పెద్ద పొడుపుకథ. రోజూ పొద్దున్నే వచ్చి మా గడప బయటే నిలబడి తమ్ముణ్ణి పిలిచేది. పలకరింపు కూడా లేకుండా వాడి తాయెత్తు దారం కింద వేలు పెట్టి చూసేది.

ఆకులూ దుంపలూ ఉడకేసుకు తింటున్న రోజులవి. అయినా వెంగయ్య పొట్ట ముందుకొచ్చింది. అవ్వ మురిసిపోయింది. “నా మనవడు ఒళ్లు చేస్తుండాడు” అంది.

“పొట్ట చూడబాక పెద్దమ్మా, చెయ్యి చూడు” అంది మస్తానమ్మ. దండచేతికి కట్టిన దారం మోచేతి దాకా జారి ఉంది. తాయెత్తు ఎక్కడ పడిపోతుందోనని అవ్వ గబగబా ముడి బిగించబోయింది. “ముట్టబాక” అని మస్తానమ్మ గట్టిగా అంది. “జారనీ. జారేది మనకు తెలవాల.”

నాకు అర్థం కాలేదు. దర్గాకు అన్ని మొక్కులు మొక్కే మనిషి తాయెత్తు ఊడిపోతున్నా బిగించొద్దంటుందేమిటి?

ఆ తర్వాత కొద్దిరోజులకే నాయన కూలి బియ్యం పంపించాడు. అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుని అన్నం వండి వెంగయ్య ముందు కుప్పగా పోసింది. ఆ వాసనకు గోడ అవతల నుంచి మస్తానమ్మ పరుగున వచ్చింది. ఎన్నడూ గడప దాటని మనిషి లోపలికొచ్చి అవ్వ మణికట్టు పట్టుకుంది.

“ఏంది మస్తానమ్మా, బిడ్డ నోటికాడి కూడు లాగేస్తావా?” అంది అవ్వ.

“పెట్టొద్దనలా. అంతా ఒక్కసారే పెట్టబాక. ఎండిన కడుపు తట్టుకోలేదు. పల్చగా గంజి చేసి నాలుగు గుక్కలు పొయ్యి. కాసేపాగి మళ్లీ పొయ్యి. నా మాట విను పెద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను.”

అవ్వ మణికట్టు విడిపించుకుంది. చివరికి కంచంలో అన్నం కుండలోకి తీసి నీళ్లు పోసింది. వెంగయ్య ఇంకా కావాలని గుక్కపెట్టి ఏడ్చేవాడు. అవ్వ మస్తానమ్మను తిట్టుకుంటూనే గంజి పోసేది. వాడు బతుకుతాడో లేదో ఇద్దరికీ తెలియదు. నాకు మాత్రం వాడు పోతాడేమోనని ఒకటే భయం.

ఉండబట్టలేక ఒకరోజు మునగాకు దూస్తున్న మస్తానమ్మ పక్కన చేరాను. “దారం ఎందుకు బిగించనీవు మస్తానత్తా?” అని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు.

“నాకూ ఒక కొడుకు ఉండినాడు. వాడి దారం జారినప్పుడల్లా పాతబడి సాగిందేమోలే అని బిగించినాను. మళ్లీ జారింది, మళ్లీ బిగించినాను. దారం సాగలేదమ్మా. చెయ్యే సన్నబడిందని ఆఖరికి గానీ నాకు తెలవలా” అంది. నేనూ పక్కన కూర్చుని మునగాకు దూశాను.

వానలు పడ్డాయి. సజ్జలు ఇంటికొచ్చాయి. గంజి చిక్కబడింది, తర్వాత సంకటైంది, మునగాకూ మజ్జిగా తోడయ్యాయి. ఒకరోజు వెంగయ్య పిట్టగోడ ఎక్కి దూకాడు. దారం జారలేదు. మస్తానమ్మ దాని కింద వేలు పెట్టి చూసి, అవ్వ వైపు తిరిగి నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆ మరుసటి ఏడు ఇంకో తమాషా. కరువు భయం పోని అవ్వ, ముద్దలు పట్టుకుని వాడి వెంట పడేది. దారం కండలోకి దిగింది. “మొహం తిప్పుకున్నాడంటే కడుపు నిండిందనే గదా పెద్దమ్మా. కోడిని తరిమినట్టు తరమబాక. ఆడుకోనీ” అంటూ, అప్పుడు మాత్రం మస్తానమ్మే కూర్చుని ముడి వదులు చేసింది.

మొన్న కోడలు గిన్నె పట్టుకుని “ఇంకొక్క ముద్ద” అని బతిమాలుతుంటే మనవడు మొహం తిప్పేసుకున్నాడు. చాల్లే, వదిలెయ్యమన్నాను. దారం కింద నా వేలు ఇరుకు కాకుండా, వదులు కాకుండా సరిపోయింది. మనసు కుదుటపడింది. ఏ బిడ్డ చెయ్యి పట్టుకున్నా ముందు మస్తానమ్మ కొడుకే గుర్తొస్తాడు. అన్నీ అడిగే నేను, వాడి పేరొక్కటి అడగలేకపోయాను.