సాఫ్ట్‌వేర్‌కు బొట్టు

మా కంప్యూటర్ సెంటర్ ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, బట్టల దుకాణం పైఅంతస్తులో ఉండేది. చెప్పులు మెట్ల కిందే విడవాలి. దుమ్ము పడితే మెషీన్లు పాడవుతాయని సార్ భయం. మా కాళ్లకు చెప్పుల కంటే ఎక్కువ దుమ్ము ఉండేదన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

ఇంటర్ అయిపోయిన నన్ను అక్కడికి పంపడానికి బాపు ఒక పట్టాన ఒప్పుకోలేదు. మాది పెద్దచెరువును నమ్ముకున్న ఇల్లు. బాపు చేపలు పడితే అమ్మ అంగట్లో అమ్మేది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"దసరా దాంక పో. గప్పటికి గందుల ఏమున్నదో నాకు సమజ్ గావాలె. లేకుంటె మీ అమ్మతోని అంగట్ల కూసో," అన్నాడు.

అప్పటి నుంచి పొద్దున సార్ చెప్పిన పాఠాన్ని, సాయంత్రం వల కుడుతూ కూర్చున్న బాపుకు నేను చెప్పేదాన్ని. టీవీలా కనబడేది మానిటర్ అని, అది మొహం మాత్రమేనని, అసలు పనంతా పక్కనున్న పెట్టెలో, సీపీయూలో జరుగుతుందని చెప్పేదాన్ని. కీబోర్డు, మౌస్ అంటే ఊ కొట్టేవాడు. చేతికి తగిలేదంతా హార్డ్‌వేర్, తగలనిది సాఫ్ట్‌వేర్ అనగానే మాత్రం సూది ఆగిపోయేది.

"తగలనిదాన్ని ఉన్నదని ఎట్ల నమ్మాలె?"

ఇల్లలకగానే పండుగ కాదంటారు. పేర్లన్నీ బట్టీ పట్టాను గానీ ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా మళ్లీ మానిటర్ దగ్గర్నుంచే మొదలుపెట్టేదాన్ని. దసరా మాత్రం దగ్గర పడుతూనే ఉంది.

పండుగ ముందురోజు సెంటర్లో ఆయుధపూజ. పెద్దవాళ్లను తీసుకురమ్మన్నారు. బాపు ఉతికిన ధోతి కట్టుకుని వచ్చి, మా తెప్పకూ వలకూ చేసినంత భక్తిగా మానిటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఆ తర్వాత చెంబు అందుకుని, వల మీద చల్లినట్టే కీబోర్డు మీద నీళ్లు చల్లాడు. సార్ కెవ్వున అరిచి ప్లగ్గు పీకేశాడు.

బాపు మొహం చిన్నబోయింది. "నీళ్లు తగిల్తె సచ్చేదాంతోని ఏం బతుకుతవ్ బిడ్డా? పా ఇంటికి," అన్నాడు.

నా చదువు అక్కడితో సరి అనిపించింది. ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"నీ వల హార్డ్‌వేర్, బాపు. చినిగితె కుడ్తవ్, పోతె ఇంకోటి తెస్తవ్. యాడ ఇసరాల్నో, ఎట్ల ఇసరాల్నో గది నీలనే ఉన్నది. గది చేతికి తగుల్తదా? గదే సాఫ్ట్‌వేర్!"

బాపు తన అరచేతులు చూసుకున్నాడు.

"మరి గదానికి బొట్టు యాడ పెట్టాలె?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే కుంకుమలో బొటనవేలు అద్ది నా నుదుట పెట్టాడు. "పండుగ అయినంక మళ్ల క్లాసుకు పో," అన్నాడు.

కీబోర్డు ఎండలో ఆరి బతికింది. ఒక్క బటన్ మాత్రం చివరిదాకా మొరాయించేది.

ఇప్పుడు శేరిగూడ కాలేజీలో ల్యాబు చూసుకునేది నేనే. బాపు లేడు. ప్రతి దసరాకు మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టిస్తాను, నీళ్ల చెంబును మాత్రం గడప దాటనివ్వను. అందరూ వెళ్లాక నా నుదుట నేనే పెట్టుకుంటాను. ఎంత అద్దినా అది బాపు బొటనవేలంత రాదు.