గుర్వయ్య కత్తెరకు స్ప్రింగు

పొద్దున లేచేసరికి గుర్వయ్య కుడిచేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటుంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. ఆ ఒక్క క్షణం మనిషికి కళ్లు బైర్లు కమ్ముతాయి. పొయ్యి దగ్గరున్న భార్య కౌసల్య ఆ చప్పుడు విని మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఇక మీద కత్తెర ముట్టొద్దని మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. చెప్పడానికేం, ఆయన ఎన్నయినా చెబుతాడు. ముట్టకపోతే గుర్వయ్య గొర్లు ఏ గతి పట్టాలో ఆయనకేం తెలుసు?

కొత్తకోట చుట్టుపక్కల నల్లగొర్లు పెంచే కురుమల ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. నల్లగొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించాల్సిందే. లేదంటే పిడుదులు పట్టి, వానకు తడిసి రోగాన పడుతుంది. కానీ ఆ బొచ్చును అడిగే నాథుడు లేడిప్పుడు. దానితో నేసే గొంగడి కప్పుకునేవాళ్లే తగ్గిపోయారు. పైసా రాని పని నేర్చుకునేదెవరు? ఉన్న కత్తెరగాళ్లు ఒక్కొక్కరే పోయి, చివరికి గుర్వయ్య ఒక్కడే మిగిలాడు. అందరూ ఆయన్ని తెగ మెచ్చుకుంటారు. ఆ మెప్పును ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు.

గుర్వయ్యకున్నవి కొద్దిపాటి గొర్లు. అంత చిన్న మందను ఎండాకాలం కృష్ణ ఒడ్డు దాకా తోలుకుపోవడం ఆలుమగలిద్దరి వల్ల అయ్యే పని కాదు. దారిలో రైతులు చేలల్లో దిగనివ్వరు, దొంగల భయం వేరే. అందుకని మందపెద్ద బీరప్ప వాటిని తన మందలో కలుపుకుని తోలుకుపోతాడు. బదులుగా ఆ మందంతటికీ బొచ్చు కత్తిరించే పని గుర్వయ్యది. తండ్రుల నాటి నుంచి నడుస్తున్న మాట ఇది. కత్తెర వదిలితే గొర్లు మందలోంచి బయటికొస్తాయి. బయటికొచ్చిన గొర్లు ఎండాకాలం దాటవు. చెయ్యి కావాలా, గొర్లు కావాలా? రెండూ కావాలంటే ఎట్లా?

ఒకసారి ధైర్యం చేసి బీరప్పతో అన్నాడు. "బావా, నా ఏలు పనికిరాకుంట పోతాంది. ఎవరికన్న పని నేర్పుత."

"నేర్పు, ఎవరద్దన్నరు? నేర్చుకునేటోన్ని చూపియ్యి," అన్నాడు బీరప్ప.

బీరప్ప తమ్ముడి కొడుకు గిరి, హైవే మీద హోటల్లో పని మానేసి వచ్చినవాడు, సరే చూద్దామని కూర్చున్నాడు. సగం గొర్రె కూడా కాలేదు, చేతులు విదిలించుకుంటూ లేచాడు. "మామా, గిది మనుషులు చేసే పనేనా? నీకు దండం పెడత," అని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా గుర్వయ్య కత్తెరను తిప్పి తిప్పి చూశాడు. దాన్ని మూయడానికి పిడికిలి ఉంది. తెరవడానికి మాత్రం బొటనవేలే దిక్కు. ఇసుక, పల్లేరుకాయలు ఇరుక్కున్న ఆ జిడ్డు బొచ్చులోంచి ప్రతిసారీ బొటనవేలే పిడిని అవతలికి నెట్టాలి. తప్పు గిరిలో లేదు, తనలోనూ లేదు, ఈ ఇనుములో ఉంది. తాత పట్టాడు, తండ్రి పట్టాడు, ఒక్కరికైనా దీన్ని మార్చాలన్న ఆలోచన రాలేదేమని ఆయనకు కోపం కూడా వచ్చింది.

కమ్మరి సైదులు దగ్గరికి పోయి, అట్లాంటిదే ఇంకో కత్తెర చేసి పిడుల మధ్య ఒక స్ప్రింగు పెట్టమన్నాడు. సైదులు ముందు నవ్వాడు. తర్వాత స్కూటర్ స్టాండు స్ప్రింగు పెట్టాడు. అది మరీ గట్టిది, మూసేసరికి మణికట్టు పట్టేసింది. ఇంకొకటి పెడితే బొచ్చు తగలగానే చతికిలబడింది. చివరికి పాత సైకిల్ క్యారియర్ స్ప్రింగును కోసి, వంచి, మేకు దగ్గర కట్టారు. పిడులను కాస్త సాగదీసి, పైన ట్యూబు ముక్క చుట్టారు. గుర్వయ్య పిడికిలి బిగించి వదిలాడు. కత్తెర తనంతట తానే తెరుచుకుంది. మళ్లీ బిగించాడు, మళ్లీ తెరుచుకుంది. ఆయన అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా గాలిని కత్తిరిస్తూ ఉండిపోయాడు.

"చాలు తీయే, ఇంటికి పోవా ఏంది?" అన్నాడు సైదులు.

దీంతోనైతే గిరి కత్తిరిస్తాడు. తను పక్కన కూర్చుని దారి చూపిస్తాడు, అంచు నూరి పెడతాడు. గొర్లు మందలోనే ఉంటాయి. కౌసల్యకు ఇదంతా చెప్పాడు. ఎన్నాళ్లకో ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది.

బొచ్చు కత్తిరించే తొలిరోజు ఆ మందలో ఒక కట్టుబాటు ఉంది. గొంగడి పరిచి, కత్తెరకు పసుపు పెట్టి, ఆ గొంగడి మీదే మొదటి గొర్రెను పడుకోబెడతారు. ఆ రోజు గొంగడి మీద నెత్తురు చుక్క పడిందా, ఆ ఇనుమును ఆ ఏడాది మళ్లీ మంద మీద పెట్టరు. గుర్వయ్య చేతిలో ఎన్నడూ చుక్క పడలేదు.

గుర్వయ్య మాట మీద మళ్లీ వచ్చిన గిరి కొత్త కత్తెర పట్టుకున్నాడు. గుర్వయ్య పక్కన కూర్చుని చెబుతుంటే మెల్లగా, జాగ్రత్తగా, ఒక్క గీరు పడకుండా గొర్రెను పూర్తి చేశాడు. "మామా, గింత అల్కగున్నదేంది!" అన్నాడు.

బీరప్ప కత్తెరను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి మెచ్చుకున్నాడు. తర్వాత కాస్త దగ్గరికి జరిగాడు.

"మంచిగైంది గుర్వయ్యా, నీ ఏలు బాధ తప్పింది. ఇగ మావోడే కత్తిరిస్తడు. మేత సాలతలేదు, నీ గొర్లను గీ ఏడు నువ్వే పక్కకు తీసుకో."

"గదేంది బావా? గా కత్తెర చేపిచ్చింది నేను. పని నేర్పేది నేను," అన్నాడు గుర్వయ్య.

"చేపిచ్చినవ్, నేను కాదంటున్ననా? ఒక కత్తెరకు ఏటేట నీ గొర్లను తోలాల్నా?"

బీరప్ప మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. కోపమన్నా ఉంటే గుర్వయ్య ఆయన కాళ్లు పట్టుకునేవాడే.

గుర్వయ్య బీరప్ప చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. "రెండోది నేను కత్తిరిస్త. గిరి చూసి నేర్చుకుంటడు," అన్నాడు.

గొర్రెను గొంగడి మీద పడుకోబెట్టాడు. కొత్త కత్తెర చేతిలో హాయిగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వేలికి నొప్పే తెలియడం లేదు. డొక్క దాకా వచ్చి, ఒక్కసారి మొనను కిందికి వంచాడు. గొర్రె గిలగిల కొట్టుకుంది. నెత్తురు గొంగడి మీద పడింది.

"అయ్యో, తెగినట్టున్నది గదరా," అంటూ బీరప్ప వెనక్కి జరిగాడు.

"స్ప్రింగు తోని చెయ్యి ఆగుత లేదు బావా. తోలు ఏడున్నదో, బొచ్చు ఏడున్నదో తెలుస్త లేదు," అన్నాడు గుర్వయ్య.

"నా చేతిల తెగలే గద మామా," అన్నాడు గిరి. గుర్వయ్య వాడి వైపు చూడలేదు.

బీరప్ప కొత్త కత్తెరను పాత గుడ్డలో చుట్టి పక్కన పెట్టించాడు. "గిది అక్కర్లేదు. పాతదే తెప్పియ్యి. నువ్వుండంగ మాకేం ఫికర్ గుర్వయ్యా."

"నా గొర్లు?"

"మందలనే ఉంటయ్. ఏడికి పోతయ్?"

గొర్లను పట్టి ఇవ్వడానికి వచ్చిన కౌసల్య, గొర్రె గాయం మీద పసుపు అద్దుతూ, ఇద్దరికే వినబడేంత మెల్లగా అంది. "ఇన్నేండ్లల్ల నీ చేతిల ఎన్నడు తెగలే."

"మాటలు బంద్ చెయ్యి. ఇంకో గొర్రెను పట్టు," అన్నాడు గుర్వయ్య.

ఆవిడ కళ్లు తుడుచుకుని గొర్రెను లాక్కొచ్చి కాళ్లు కట్టింది. గుర్వయ్య పాత కత్తెర పిడికి బొటనవేలు ఆనించి, పండ్లు బిగబట్టి తెరిచాడు.